పోస్ట్‌గ్రెస్ ఎవరి జాగీరూ కాదు

(కోడ్ అందరికీ తెరిచి ఉండే ఉచిత డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ గురించి, హైదరాబాద్‌లో డేటాబేస్ ఉద్యోగులు, విద్యార్థులు కలుసుకున్న ఒక సభలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. శనివారం పొద్దున పదింటికే హాలు నిండిందంటే టిఫిన్ బాగుందనైనా అనుకోవాలి, పోస్ట్‌గ్రెస్ మీద ప్రేమనైనా అనుకోవాలి. (నవ్వులు) నేను రెండోదే అనుకుంటాను.

పోస్ట్‌గ్రెస్ 18వ వెర్షన్‌లో కొత్తగా ఏమొచ్చిందో చెప్పమని నన్ను పిలిచారు. చెబుతాను. కానీ ఆ జాబితా రిలీజ్ నోట్స్‌లో ఉంది, మీరే చదువుకోగలరు. నాకు చెప్పాలని ఉన్న విషయం వేరు. ఈ ఊళ్లో మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ బిల్డింగ్‌లోకి వెళ్లినా ఏదో ఒక ఫ్లోర్‌లో పోస్ట్‌గ్రెస్ నడుస్తూ ఉంటుంది. దాన్ని నడిపేవాళ్లు ఇంతమంది ఉన్నాం. దాన్ని తయారుచేసే పనిలో మాత్రం మనం ఎక్కడా కనిపించం. ఈ గొడవ నన్ను చాలాకాలంగా పీడిస్తోంది.

దీనికి ఒక కారణం మనం నేర్చుకున్న తీరు. మనలో చాలామందికి డేటాబేస్ అంటే అమీర్‌పేటలో మొదలైంది. మైత్రీవనం చుట్టూ గోడల నిండా ఒరాకిల్ డీబీఏ (ఒరాకిల్ కంపెనీ డేటాబేస్ నిర్వహణ) కోర్సుల పోస్టర్లు, చేతిలో జిరాక్స్ మెటీరియల్, తర్వాత సర్టిఫికేషన్. ఆ చదువును నేను తక్కువ చేయడం లేదు, వేల ఇళ్లలో పొయ్యి వెలిగించింది. అయితే దానితోపాటు ఒక అలవాటు కూడా అంటుకుంది. సాఫ్ట్‌వేర్ ఎక్కడో తయారవుతుంది, మన దగ్గరికి వస్తుంది, పాడైతే టికెట్ వేస్తాం. పోస్ట్‌గ్రెస్‌కి మారిన టీముల్లో ఇప్పటికీ నన్ను అడిగే మొదటి ప్రశ్న, "సార్, దీని కంపెనీ ఏది?"

కంపెనీ లేదు. 1986లో బర్క్‌లీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ ఒక పరిశోధనగా మొదలుపెట్టారు. 1994లో ఆండ్రూ యూ, జాలీ చెన్ అనే ఇద్దరు విద్యార్థులు దానికి ఎస్‌క్యూఎల్ అనే, డేటాను అడిగే భాష జోడించారు. 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని పేరు మారింది, యూనివర్సిటీ గేటు దాటి బయటి వలంటీర్ల చేతికి వచ్చింది. చరిత్ర ఇంతటితో ఆపుతాను, పరీక్షకేం రాదు.

పరీక్షకు రాకపోయినా ఉద్యోగానికి పనికొచ్చేది ఇంకొకటి ఉంది. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో ఓపెన్ డేటాబేస్ వెనక కంపెనీ ఉండేది. 2008లో సన్ అనే కంప్యూటర్ కంపెనీ దాన్ని 100 కోట్ల డాలర్లకు కొంది. 2010లో ఆ సన్‌నే ఒరాకిల్ కొంది. ఈ లోపే మూల రచయిత మాంటీ వైడీనియస్ బయటికొచ్చి అదే కోడ్‌తో మరియాడీబీ అని వేరే డేటాబేస్ పెట్టుకున్నారు. రెడిస్ అనే ఇంకో డేటాబేస్ సంగతి నిన్నమొన్నటిదే. 2024 మార్చిలో ఓపెన్ లైసెన్స్ తీసేశారు, కొద్ది రోజుల్లోనే లైనక్స్ ఫౌండేషన్ కింద పాత కోడ్ నుంచే వాల్కీ అని ఇంకో శాఖ పుట్టింది. 2025 మేలో రెడిస్ మళ్లీ ఏజీపీఎల్ అనే ఓపెన్ లైసెన్స్ ఇచ్చింది. మధ్యలో ఆ రెంటిలో ఏది ఉంచుకోవాలో తేల్చుకోలేక మీటింగుల మీద మీటింగులు పెట్టుకున్న టీములు ఈ హాల్లో కూడా ఉండే ఉంటాయి. పోస్ట్‌గ్రెస్‌ని అలా ఎవరూ కొనలేరు, ఎందుకంటే అమ్మడానికి ఒక యజమాని లేడు. కోడ్ హక్కులు రాసినవాళ్లందరి మధ్యా చెదిరి ఉన్నాయి.

మరి ఉద్యోగాలిచ్చే కంపెనీలు పెత్తనం చేయవా అంటారు. న్యాయమైన అనుమానమే. ప్రాజెక్టు వ్యవహారాలు చూసే కోర్ టీమ్ అని ఒక చిన్న బృందం ఉంది. అందులో ఒకే కంపెనీ వాళ్లు సగానికి మించి ఉండకూడదని ఎక్కడా రాసిపెట్టని ఆనవాయితీ ఒకటి చాలాకాలంగా నడుస్తోంది. 2020లో ఈడీబీ అనే కంపెనీ 2ఎన్‌డీక్వాడ్రంట్ అనే ఇంకో కంపెనీని కొనేసరికి ఆ లెక్క తప్పింది. అప్పుడు ఎవర్నీ పంపించేయలేదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్, జొనాథన్ కాట్జ్ అని బయటి ఇద్దరిని చేర్చుకుని తూకం సరిచేశారు. కాగితం మీద లేని మాటను ఇంత జాగ్రత్తగా నిలబెట్టుకోవడం నాకు నచ్చింది.

సరే, 18 సంగతికి వద్దాం. 2025 సెప్టెంబర్ 25న విడుదలైంది. అందరూ చెప్పుకునేది అసింక్రనస్ ఐఓ. ఇంతకుముందు ఒక ప్రాసెస్‌కి డిస్క్ మీదున్న పేజీ (డేటా ముక్క) కావాలంటే అడిగి, వచ్చేదాకా కూర్చునేది. ముందస్తుగా చదివిపెట్టే పని చాలావరకు ఆపరేటింగ్ సిస్టమ్ దయ. ఇప్పుడు పోస్ట్‌గ్రెస్ తనకు కావలసిన పేజీల్ని తానే ముందుగా ఆర్డర్ పెట్టి, అవి వచ్చేలోపు చేతిలో ఉన్న పని చూసుకుంటుంది. ఐఓ మెథడ్ అని సెట్టింగ్ ఉంది. మామూలుగా 'వర్కర్' ఉంటుంది, లైనక్స్‌లో ఐఓ యూరింగ్ అనే సదుపాయం కూడా పెట్టుకోవచ్చు, మార్చితే రీస్టార్ట్ కావాలి. మూడు రెట్ల వరకు వేగం కనిపించిందని విడుదల ప్రకటనలో రాశారు. ఆ "వరకు" అన్న మాట మీ మేనేజర్‌కి గట్టిగా వినిపించండి. ప్రస్తుతం ఇది చదవడానికే, అదీ సీక్వెన్షియల్ స్కాన్ (టేబుల్ మొత్తం వరసగా చదవడం), బిట్‌మ్యాప్ హీప్ స్కాన్ (ఇండెక్స్ చూపిన పేజీలు చదవడం), వాక్యూమ్ (పనికిరాని పాత రోలను ఊడ్చడం) లాంటి వాటికి. రాతలకు కాదు. మీ డేటా అంతా మెమరీలోనే సరిపోతుంటే తేడా ఏమీ కనిపించదు.

నాకు అంతకంటే నచ్చింది స్కిప్ స్కాన్. ఇండెక్స్ అంటే త్వరగా వెతకడానికి వరస ప్రకారం కట్టుకునే పట్టిక. అందులో మొదటి కాలమ్ జిల్లా, రెండోది తేదీ అనుకోండి. క్వెరీలో జిల్లా ఇవ్వలేదు, ఒక తేదీ మాత్రమే ఇచ్చారు. ఇన్నాళ్లూ ఆ ఇండెక్స్ ఉండీ పెద్దగా ప్రయోజనం లేదు, తేదీ మీద ఇంకో ఇండెక్స్ కట్టేవాళ్లం. ఇప్పుడు తెలంగాణకు 33 జిల్లాలు కాబట్టి, ఒక్కో జిల్లాకు దూకి, అక్కడ ఆ తేదీ చూసుకుని, తర్వాతి జిల్లాకు దూకుతుంది. మొదటి కాలమ్‌లో ఫోన్ నంబర్ ఉంటే మాత్రం లాభం లేదు, దూకాల్సినవి లక్షల్లో ఉంటాయి.

ఒక్కో రోకి ఇచ్చే, ఇంకెక్కడా రాని గుర్తింపు సంఖ్య యూయూఐడీలో వెర్షన్ 7 వచ్చింది, కాలక్రమంలో పెరుగుతుంది కాబట్టి ఇండెక్స్‌లో చెల్లాచెదురుగా పడదు. ఎండీ5 అనే పాత పద్ధతిలో దాచే పాస్‌వర్డ్‌లకు ఇక రోజులు దగ్గరపడ్డాయి, హెచ్చరికలు మొదలయ్యాయి. స్క్రామ్ అనే కొత్త పద్ధతికి మారండి.

అప్‌గ్రేడ్ చేసేవాళ్లకు రెండు మాటలు. వెర్షన్ మార్చే పీజీ అప్‌గ్రేడ్ అనే పనిముట్టు, క్వెరీని ఏ దారిలో నడపాలో తేల్చే ప్లానర్ గణాంకాలను ఇప్పుడు కూడా వెంట తీసుకొస్తుంది. ఆదివారం రాత్రి అప్‌గ్రేడ్ చేసి, ఆ గణాంకాలు మళ్లీ లెక్కకట్టే అనలైజ్ మర్చిపోయి, సోమవారం పొద్దున అందరి చేతా తిట్లు తినే బాధ చాలావరకు తప్పింది. మనం విడిగా క్రియేట్ చేసుకున్న ఎక్స్‌టెండెడ్ గణాంకాలు మాత్రం రావు, వాటికి అనలైజ్ నడపాల్సిందే. రెండోది, కొత్త క్లస్టర్‌కి (ఒక సర్వర్ కింది డేటాబేస్‌లన్నిటికీ) డేటా చెక్‌సమ్‌లు, అంటే డేటా పాడైతే పట్టిచ్చే లెక్కలు, ఇప్పుడు దానంతటదే ఆన్‌లో ఉంటాయి. పాత క్లస్టర్‌లో లేకపోతే అప్‌గ్రేడ్ ఒప్పుకోదు. ముందే పాతదాంట్లో ఆన్ చేసుకోండి, లేదా కొత్తదాన్ని చెక్‌సమ్ లేకుండా మొదలుపెట్టండి. నేనైతే మొదటిదే చేయమంటాను.

సెంట్‌ఓఎస్ 7 అనే పాత లైనక్స్ వదిలి కొత్త సర్వర్లకు వెళ్తున్నవాళ్లు కూడా ఇక్కడ ఉన్నారని తెలుసు. డేటాబేస్ వెర్షన్ మారకపోయినా కింద జీలిబ్‌సీ, అంటే అక్షరక్రమం కూడా చూసే లైనక్స్ లైబ్రరీ, మారుతుంది. దాని 2.28 వెర్షన్‌తో అక్షరక్రమం పట్టికలే మారాయి. పాత క్రమంలో కట్టిన టెక్స్ట్ ఇండెక్స్‌ని కొత్త క్రమంతో వెతికితే ఉన్న రో కూడా లేదంటుంది, యునీక్ ఇండెక్స్‌లోకి డూప్లికేట్లు దూరతాయి. ఎర్రర్ ఏమీ రాదు, అదే అసలు టెన్షన్. డిస్క్ ఫైళ్లను అలాగే కాపీ చేసి తెచ్చుకుంటే టెక్స్ట్ ఇండెక్స్‌లన్నీ రీఇండెక్స్ చేయండి.

ఒరాకిల్ నుంచి వచ్చినవాళ్లకు ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. ఖాళీ స్ట్రింగ్ ఇక్కడ నల్ (అసలు విలువే లేకపోవడం) కాదు. ఇంకోటి, అప్‌డేట్ చేస్తే పాత రో టేబుల్లోనే పడి ఉంటుంది, ఒరాకిల్‌లోలా అన్‌డూ అనే వేరే చోటికి పోదు. దాన్ని ఊడ్చేది వాక్యూమ్. నేను చూసిన ఒక ఆఫీసులో ఎవరో ట్రాన్సాక్షన్ తెరిచి, కమిట్ చేయకుండా, అంటే ముగించకుండా, లంచ్‌కి వెళ్లారు. ఆ సెషన్ బతికున్నంతసేపు దానికి అవసరపడొచ్చని వాక్యూమ్ పాత రోలను ముట్టుకోలేదు. టేబుల్ ఉబ్బిపోయింది, సాయంత్రానికి అందరూ "పోస్ట్‌గ్రెస్ స్లో" అని తేల్చేశారు. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్లకు టైమౌట్ ఒకటుంది, పెట్టుకోండి.

ఇక మనుషుల దగ్గరికి వస్తాను. 2018లో ఎఫ్‌సింక్ గొడవ జరిగింది, మీలో ఎంతమందికి తెలుసు? (రెండు మూడు చేతులు) చెప్పుకోదగ్గ కథ. డేటాబేస్ ఒక ఫైల్లో రాశాక, "ఇది నిజంగా డిస్క్ మీదికి చేర్చు" అని ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగే పిలుపు ఎఫ్‌సింక్. అది ఫెయిలైతే మళ్లీ అడగొచ్చు, రెండోసారి సక్సెస్ అంటే డేటా చేరినట్టే అని పోస్ట్‌గ్రెస్ ఎన్నో ఏళ్లుగా నమ్మింది. క్రెయిగ్ రింగర్ అనే డెవలపర్ ఒక విషయం బయటపెట్టాడు. లైనక్స్‌లో రాత ఫెయిలైతే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి భాగం) ఆ తప్పును ఒకసారి చెప్పి, ఆ పేజీని శుభ్రమైనదిగా గుర్తు పెట్టేస్తుంది. రెండోసారి అడిగితే రాయాల్సింది ఏమీ లేదు కాబట్టి "అంతా బాగానే ఉంది" అంటుంది. డేటా మాత్రం డిస్క్ మీద లేదు. చెక్‌పాయింట్, అంటే అప్పటిదాకా రాసినదంతా డిస్క్‌కి చేర్చే పని, పూర్తయిందనుకుని, మార్పులన్నీ ముందుగా రాసుకున్న లాగ్‌ను డేటాబేస్ వదిలేస్తుంది.

ఈ చర్చ తలుపులు మూసుకుని జరగలేదు. "మన నమ్మకం తప్పు కావొచ్చు" అని అందరి ముందూ మొదలై, కెర్నల్ వాళ్లను కూడా లాగి, ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఏం చేస్తాయో ఒక్కొక్కటిగా తవ్వారు. ఫ్రీబీఎస్‌డీ అలా చేయదని తేలింది. చివరికి తీసుకున్న నిర్ణయం చూడండి. ఎఫ్‌సింక్ ఫెయిలైతే మళ్లీ అడగొద్దు, డేటాబేస్‌నే కూల్చేసి, లాగ్ నుంచి కోలుకోనివ్వు. 2019 ఫిబ్రవరి మైనర్ రిలీజ్‌లలో అది వచ్చింది. మొండిగా కనిపిస్తుంది గానీ, తెలియకుండా డేటా పోవడం కంటే తెలిసి కూలడం మేలు. ఇదే లోపం అమ్ముకునే డేటాబేస్‌లో దొరికి ఉంటే మనదాకా వచ్చేది ఒక ప్యాచ్ నంబర్ మాత్రమే. ఇక్కడ మొదటి అనుమానం నుంచి చివరి కోడ్ లైన్ దాకా ఎవరైనా కూర్చుని చదువుకోవచ్చు. డీబీఏ కోర్సు చెప్పేవాళ్లెవరైనా ఉంటే, ఆ చర్చను సిలబస్‌లో పెట్టండి సార్. ఏ మెటీరియల్లోనూ దొరకనంత చదువు అందులో ఉంది.

రెండో కథ అందరికీ తెలిసిందే, 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దొంగతలుపు. పట్టుకున్నది ఇందాక చెప్పిన ఆండ్రెస్ ఫ్రాయిండ్. భద్రతా నిపుణుడేం కాదు, పోస్ట్‌గ్రెస్ వేగం కొలిచే పనిలో ఉన్నాడు. కొలతల్లో చిల్లర తేడాలు రాకుండా మెషీన్‌ని నిశ్శబ్దం చేస్తుంటే దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ సీపీయూ తింటోంది, లాగిన్‌కి అర సెకను అదనంగా పడుతోంది. మనమైతే "నెట్ స్లో ఉంది" అనుకుని టీకి వెళ్లేవాళ్లం. అంతకుముందు పోస్ట్‌గ్రెస్ ఆటోమేటిక్ టెస్టుల్లో మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ చేసిన ఒక వింత ఫిర్యాదు కూడా అతనికి గుర్తుంది. ఆ రెండూ కలిపి తీగ లాగితే డొంకంతా కదిలింది. 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలనే పెట్టిన కోడ్ అది.

అందరూ ఆండ్రెస్ తెలివిని పొగుడుతారు, పొగడాల్సిందే. నన్ను ఆపింది మాత్రం కథలో ఇంకో వైపు. ఎక్స్‌జెడ్‌ని రాసిన మనిషి ఏళ్ల తరబడి దాదాపు ఒక్కడే చూసుకున్నాడు, అలసిపోయాడు. సాయం చేస్తానని దగ్గరైనవాడే ముంచాడు. ప్రపంచమంతా వాడే కోడ్‌కి కాపలా ఒక్కడు! పోస్ట్‌గ్రెస్ పరిస్థితి అంత ఘోరం కాదు, కానీ ఇక్కడా కొరత ఉంది. రాసేవాళ్లకు లోటు లేదు, రాసింది చదివి చూసేవాళ్లకే లోటు.

పని ఎలా నడుస్తుందో తెలియనివాళ్లకు చెబుతాను. ఎవరైనా ప్యాచ్, అంటే కోడ్‌లో మార్పు, పంపొచ్చు. జులై, సెప్టెంబర్, నవంబర్, జనవరి, మార్చి నెలల్లో కమిట్‌ఫెస్ట్ అని నడుస్తుంది, అంటే ఆ నెలంతా వరుసలో ఉన్న ప్యాచ్‌లను పరిశీలిస్తారు. కోడ్‌లో చేర్చే అధికారం ఉన్న కమిటర్లు పదుల్లోనే ఉంటారు, ప్యాచ్‌లు వందల్లో ఉంటాయి. చూసేవాడు లేక మంచి ప్యాచ్ కూడా ఒక కమిట్‌ఫెస్ట్ నుంచి ఇంకోదానికి జరుగుతూ పోతుంది. అందుకే ఒక మర్యాద పెట్టుకున్నారు. నువ్వు ఒక ప్యాచ్ పంపితే, అంత బరువున్న ఇంకొకరి ప్యాచ్ నువ్వు చూడాలి.

రివ్యూ అనగానే భయపడకండి. ప్యాచ్ కొత్త కోడ్ మీద అతుక్కుంటోందా, కంపైల్ అవుతోందా, టెస్టులు పాసవుతున్నాయా, డాక్యుమెంట్‌లో చెప్పింది నిజంగా జరుగుతోందా చూసి రాసినా అది రివ్యూనే. మన దగ్గర లేనిది తెలివి కాదు. సర్వర్ రూములో ఏళ్లు గడిపిన మనిషికి "ఇది ప్రొడక్షన్‌లో ఇలా పగులుతుంది" అని తట్టే అనుభవం కోడ్ రాసేవాళ్లకు కూడా అన్నిసార్లూ ఉండదు. మన దేశం నుంచి అమిత్ కపిలా లాంటివాళ్లు కమిటర్ స్థాయికి వెళ్లారు. ఒకే క్వెరీని పలు ప్రాసెస్‌లు పంచుకునే ప్యారలల్ క్వెరీలో, మార్పులను ఇంకో సర్వర్‌కి పంపే లాజికల్ రెప్లికేషన్‌లో ఆయన పని మీరు రోజూ వాడుతున్నారు. పోస్ట్‌గ్రెస్ వాళ్లు కలుసుకునే పీజీకాన్ఫ్ ఇండియా సభ బెంగళూరులో జరుగుతుంది, కాచిగూడలో సాయంత్రం రైలెక్కితే పొద్దున్నే అక్కడ దిగుతాం. వెళ్లి మనుషుల్ని కలవండి. ముఖం తెలిసినవాడికి ప్యాచ్ మీద అభ్యంతరం రాయడం తేలిక, నాకు అలాగే అనిపించింది.

చివరిగా మనమే చేయాల్సిన పని ఒకటి. పోస్ట్‌గ్రెస్‌లో ఫుల్ టెక్స్ట్ సెర్చ్, అంటే రాతలోని పదాలను వెతికే సదుపాయం, ఉంది. పదం చివర ప్రత్యయాలు తీసేసి మూలాన్ని పట్టుకునే స్టెమ్మర్లు భాషకొకటి ఉంటాయి. తమిళం, నేపాలీ 12వ వెర్షన్‌లోనే వచ్చాయి. తర్వాత హిందీ వచ్చింది. 18లో ఎస్టోనియన్ కూడా చేరింది. ఎస్టోనియా జనాభా మన హైదరాబాద్‌లో నాలుగైదు డివిజన్ల... సరే, అంతకంటే చాలా ఎక్కువే అనుకోండి. (నవ్వులు) తెలుగు లేదు.

ఎవరో అడ్డుపడి కాదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక్కడ అడిగినా పెట్టరు, వండి తీసుకెళ్లాలి. తెలుగంటే వాళ్లకు పట్టదని కూడా అనలేం. సోర్స్ కోడ్‌లో పదాలు విడగొట్టే ఫైల్లో ఒక పట్టిక ఉంది. అక్షరం కాకపోయినా పదాన్ని విరగ్గొట్టకూడని గుర్తులన్నీ అందులో ఉంటాయి. మన సున్నా, విసర్గ, కొమ్ము అక్కడ ఉన్నాయి. అవి లేకపోతే "పుస్తకం" అన్న మాట మొదటి కొమ్ము దగ్గరే తెగిపోయేది. ఎవరో మనకోసం ఆ మాత్రం చేసిపెట్టారు.

మిగతాది కష్టమే. "చెరువు" అని వెతికితే చెరువులు, చెరువులో, చెరువుల్లోంచి, చెరువుకు అన్నీ దొరకాలి. ఇవి తేలికైనవి. "ఇల్లు" వెతికితే "ఇంట్లో", "ఇళ్లకు" రావాలి, "నీరు" అంటే "నీటి", "నీళ్లు" రావాలి. క్రియల జోలికి పోతే "వచ్చాడు", "రావాలి", "రమ్మన్నాడు" ఒకే మూలమని ఏ ప్రత్యయం కత్తిరించి చెబుతారు? అందుకని నామవాచకాలతో మొదలుపెడదాం, నూటికి నూరు రాదు, రానక్కర్లేదు. ఈ స్టెమ్మర్లు పోస్ట్‌గ్రెస్ సొంతం కాదు, స్నోబాల్ అనే ప్రాజెక్టు నుంచి వస్తాయి. మార్టిన్ పోర్టర్ ఇందుకోసమే తయారుచేసిన చిన్న ప్రోగ్రామింగ్ భాష అది, పోస్ట్‌గ్రెస్ రాసిన సి భాష రాకపోయినా నేర్చుకోవచ్చు. అక్కడ ఒప్పుకుంటే పోస్ట్‌గ్రెస్ అక్కడి నుంచి తెచ్చుకుంటుంది. కావలసినది ఎక్కువగా వ్యాకరణం తెలిసినవాళ్లు, మన గచ్చిబౌలిలోనే ఉన్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అప్లైడ్ లింగ్విస్టిక్స్ కేంద్రం, ఐఐఐటీలో భాషా సాంకేతిక పరిశోధన కేంద్రం తెలుగు పద నిర్మాణం మీద ఏళ్లుగా పనిచేస్తున్నాయి. వాళ్లకు డేటాబేస్ తెలియాల్సిన పని లేదు, మనకు సంధులన్నీ రావాల్సిన పని లేదు. కలిసి కూర్చోవాలంతే. ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, మేము ఇంకా 13లోనే ఉన్నాం. నేరుగా 18కి వెళ్లొచ్చా?

వెళ్లొచ్చమ్మా. 13కి చివరి అప్‌డేట్ 2025 నవంబర్‌తో ఆగిపోయింది కాబట్టి త్వరగా వెళ్లండి. మధ్యలో ఒక్కో వెర్షన్ ఎక్కాల్సిన పని లేదు. ముందు ఎక్స్‌టెన్షన్లు, అంటే బయటినుంచి చేర్చుకున్న అదనపు భాగాలు, చూసుకోండి, ముఖ్యంగా మ్యాపుల డేటాకు వాడే పోస్ట్‌జీఐఎస్ ఉంటే. మైనర్ అప్‌డేట్ అయినా సరే, ఎక్స్‌టెన్షన్లు ఉన్నచోట టెస్ట్ సర్వర్ మీద ఒకసారి నడపండి. 2024 నవంబర్ 14న వచ్చిన 17.1లో లోపలి స్ట్రక్చర్ ఒకటి సైజు మారి టైమ్‌స్కేల్ ఎక్స్‌టెన్షన్‌కి దెబ్బ తగిలింది. వారం తిరిగేసరికి 21న 17.2 ఇవ్వాల్సి వచ్చింది.

ప్రశ్న: నేను బీటెక్ మూడో సంవత్సరం. సి అంతంతమాత్రం. నాకు పని దొరుకుతుందా?

దొరుకుతుంది తమ్ముడూ. మేలో బీటా వస్తుంది, దాన్ని మీ ప్రాజెక్టు డేటాతో నడిపి, ఆగిన చోట రాసి పంపు. బగ్‌ని ఎవరైనా మళ్లీ రప్పించగలిగేంత చిన్న ఉదాహరణగా కుదించడం పెద్ద విద్య. అది వస్తే ఉద్యోగం దానంతటదే వస్తుంది.

ప్రశ్న: తెలుగు స్టెమ్మర్‌కి పదాల జాబితా ఎక్కడి నుంచి తెస్తారు?

మంచి ప్రశ్న. తెలుగు వికీపీడియాలో లక్షకు పైగా వ్యాసాలున్నాయి, పూర్తి డంప్ దించుకోవచ్చు. అందులో ఊళ్ల పేజీలు ఎక్కువ. ఒకే అచ్చులో పోసిన వాక్యాలు మళ్లీ మళ్లీ వస్తాయి, కాబట్టి ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క నమ్మకండి. వేర్వేరు రూపాలను మాత్రమే ఏరుకోండి. వాడుక భాష కావాలంటే కథలు, ఉత్తరాలు కూడా చూడాలి. ప్రతి పదం ఎక్కడి నుంచి తెచ్చారో, దాని లైసెన్స్ ఏమిటో మొదటి రోజు నుంచే పక్కన రాసుకోండి, పంపేటప్పుడు అడుగుతారు. వెనక బల్లల దగ్గర ప్లగ్ పాయింట్లున్నాయి, ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లు భోజనం అయ్యాక అక్కడికి రండి. విభక్తి ప్రత్యయాలతో మొదలుపెడదాం.